జింకను బెదరింపని కెమెరా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో అడవి నానుకొనియున్న చేలయందు రాత్రివేళ పైరు నష్టమగుట కలదు. మేసినది జింకయో, అడవిపందియో తెలియకయే కొందరు ఉచ్చులు పన్నుదురు, కరెంటు తీగెలు లాగుదురు. జింకల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఆ తీగె మనుష్యులనుగూడ చంపును.

కావున వచ్చినదేదియో ముందు తెలిసికొనవలెను. ఒంటివేడిమిని, కదలికను పసిగట్టి తనంత తానే ఫొటో తీయు కెమెరా ఇందుకు తగినది. 2012లో ప్రకటింపబడిన కవ్వాల్ పులుల అభయారణ్యములో పులులను గుర్తించుటకు మనము వాడుచున్నది ఇట్టిదే.

తెల్లని వెలుగు చిమ్మునది కొనరాదు, జింక బెదరును. 850 నానోమీటర్ల పరారుణ దీపము మసక ఎరుపుగా కనిపించును. 940ది దాదాపు కనిపించదు. కాని దాని వెలుగు అంత దూరము పోదు. చప్పుడు చేయనిదానినే ఎంచుకొనవలెను.

దానిని మోకాలికి, నడుమునకు నడిమి యెత్తున, ఎండ సూటిగా పడకుండ ఉత్తరముఖముగా కట్టవలెను. ఎదుటి గడ్డిని కోయవలెను. లేనిచో గాలికూపులకే ఫొటోలు నిండును. మాటిమాటికి పోరాదు, మనిషివాసన సోకిన జింక ఆ దారి విడుచును.

అడవిలో అమర్చుటకు ముందు అటవీశాఖ అనుమతి పొందవలెను. ఈ సంగతులను సభ్యులు గ్రామసభలో రైతులకు తెలుపవలెనని మా మనవి.