చాలినంత సొగసు

పాఠ్యభాగ ఉద్దేశం

తక్కువ ఖర్చుతో, అందుబాటులో ఉన్న వస్త్రాలతో, సాదా గదిని శోభాయమానంగా తీర్చుకొనే విధానాన్ని విద్యార్థులకు తెలపడం, ఆ వస్త్రాల వెనుక ఉన్న మన తీరప్రాంత చరిత్రను, శ్రామికుల జీవనాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'అలంకారం' అనే మాటను మనం తరచుగా వాడుతుంటాం. కావ్యానికి అలంకారం, దేవతామూర్తికి అలంకారం, గృహానికి అలంకారం. ఈ మాటలోని మొదటి భాగం 'అలం'. అమరకోశం ఈ చిన్న పదానికి నాలుగు అర్థాలు చెప్పింది: భూషణం, పర్యాప్తి, శక్తి, వారణం. భూషణం అంటే సొగసు చేకూర్చడం. పర్యాప్తి అంటే చాలినంత ఉండడం. శక్తి అంటే సామర్థ్యం. వారణం అంటే ఇక వద్దని ఆపడం. మొదటి అర్థం అందరికీ తెలిసినదే. తక్కిన మూడింటినీ మరచిపోవడం వల్లనే మన గదుల్లో వస్తువులు పెరుగుతున్నాయి, అందం మాత్రం పెరగడం లేదు. చాలినంత, చేతనైనంత, ఆపవలసినచోట ఆపినంత ఉన్నదే నిజమైన అలంకారం. కొద్దిపాటి సొమ్ముతో గదిని తీర్చుకోవాలనుకొనేవారికి ఇంతకంటె ఉపకరించే సూత్రం లేదు.

గదిని పరిశీలించడం

రావులపాలెం గౌతమీ తీరాన, జాతీయ రహదారిపై, కోనసీమకు ముఖద్వారంగా వెలసిన ఊరు. అరటి గెలల వ్యాపారానికి పేరుపొందింది. చుట్టుపక్కల పల్లెల నుంచి చదువుకోసం, ఉద్యోగంకోసం వచ్చి ఇటువంటి ఊళ్ళలో చిన్న గది అద్దెకు తీసుకొనేవారు ఎందరో ఉంటారు. ఆ గది సాధారణంగా ఎలా ఉంటుంది? నాలుగు తెల్లని గోడలు, ఒక కిటికీ, ఒక తలుపు, పైన శ్లాబు. గోడకు మేకు కొడితే ఇంటి యజమాని ఒప్పుకోడు. రంగులు వేయించే స్తోమత ఉండదు. ఇటువంటి గదికి వస్త్రమే తగిన అలంకారం. దానిని మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, గది మారితే వెంట తీసుకొనిపోవచ్చు.

అయితే గుడ్డ కొనడానికి ముందు గదిని ఒక రోజంతా గమనించాలి. పడమటి ఎండ ఏ కిటికీలోంచి పడుతున్నది? ఏ గోడకు చెమ్మ ఎక్కుతున్నది? గాలి ఎటునుంచి వస్తున్నది? గోదావరి డెల్టాలో వేసవి ఉక్కపోత ఒక బాధ, వానకాలపు తేమ మరొక బాధ. అందువల్ల ఇక్కడి గదులకు నూలు వస్త్రమే శ్రేష్ఠం. అది గాలిని ఆడనిస్తుంది. పడమటి కిటికీకి లేతరంగు తెర వెనుక కోరా గుడ్డను అస్తరుగా వేస్తే ఎండ తీవ్రత తగ్గుతుంది. ముదురురంగు గుడ్డ ఎండకు త్వరగా వెలిసిపోతుంది కనుక దానిని వెలుగు నేరుగా పడనిచోట వాడుకోవాలి.

మన తీరపు గుడ్డ చరిత్ర

వస్త్రంతో గదిని అలంకరించడం మనకు కొత్తకాదు. మేలుకట్టు, చందువా, తెర, రత్నకంబళి, తలగడ వంటి పదాలు మన ప్రాచీన సాహిత్యంలో కనిపిస్తాయి. శివకవి పాల్కురికి సోమనాథుడు అనేక వస్త్రభేదాలను పేర్కొన్నాడు. కావ్యాలలో దాగిన ఇటువంటి విశేషాలను సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో శ్రద్ధగా సేకరించారు.

మన తీరంలో తయారైన గుడ్డ సముద్రాలు దాటి పరదేశాల గదులను కూడా అలంకరించింది. 17వ శతాబ్దంలో డచ్చి, ఆంగ్ల వర్తక సంఘాలు మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు వస్త్రాలను ఐరోపాకు తరలించాయి. అక్కడి సంపన్నులు వాటిని మంచాల చుట్టూ తెరలుగా, గోడలకు ఆచ్ఛాదనలుగా, ఆసనాలపై పరపులుగా వాడుకొన్నారు. ఆ మోజు ఎంతగా ముదిరిందంటే, తమ దేశపు నేతగాండ్ర జీవనం దెబ్బతింటున్నదని అక్కడి ప్రభుత్వాలు చట్టాలు చేయవలసివచ్చింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని కట్టడి చేసి, 1721 నాటి చట్టంతో ఇటువంటి వస్త్రాలను ధరించడాన్నే కాక, గృహోపకరణాలకు వాడడాన్ని సైతం నిషేధించింది. కిటికీ తెర కోసం ఒక దేశం చట్టం చేసిందంటే ఆ తెర అందం ఎటువంటిదో ఊహించుకోవచ్చు. ఆనాటి కోరమండల్ వస్త్రాలు నేటికీ లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

గోదావరి సీమకూ ఈ చరిత్రలో భాగముంది. నరసాపురం చెంతనున్న మాధవాయిపాలెంలో ఆంగ్లేయుల వర్తకస్థానం ఉండేది. అక్కడినుంచి వెళ్ళిన మెత్తని నూలుగుడ్డకు ఆ ఊరిపేరే 'మడపోలం'గా స్థిరపడి, ఐరోపా భాషల్లో చేరింది. యానాం సమీపంలోని ఇంజరం కూడా అటువంటి వర్తకస్థానమే. మన పల్లెపేరు పరాయి భాషలో గుడ్డపేరైంది. ఆ గుడ్డ నేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా మిగలలేదు.

ఎంపిక, పొందిక

కావ్యంలో రసాలెన్ని ఉన్నా ఒకటే ప్రధానంగా ఉంటుంది. దానిని అంగిరసం అంటారు. తక్కినవి దానికి అంగాలుగా ఒదిగి ఉంటాయి. గదికీ ఈ నియమం వర్తిస్తుంది. పువ్వులు, లతలు, బొమ్మలు ఉన్న వస్త్రం గదిలో ఒక్కటే ఉండాలి. మిగిలినవి దాని రంగుల్లో ఒకదానిని అనుసరించే సాదా గుడ్డలు కావాలి. తెరపై పెద్దపూలు, దుప్పటిపై గళ్ళు, గలీబులపై చారలు ఉంటే ఏదీ కంటికి ఆనదు. ఎంత మంచి అలంకారమైనా తగినచోట లేకపోతే నవ్వులపాలవుతుందని 11వ శతాబ్ది కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో నిరూపించాడు.

ఆ ప్రధాన వస్త్రంగా కలంకారీని ఎంచుకోవచ్చు. ఇది మన రాష్ట్రంలో రెండు విధాలుగా తయారవుతున్నది. శ్రీకాళహస్తిలో కలంతో చేతిగీత గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో అద్దుతారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం, ఇనుము, బెల్లం ఊరవేసిన ద్రావకంతో నల్లని గీతలు తీయడం, పటిక సాయంతో ఎరుపు పట్టించడం, మళ్ళీ మళ్ళీ ఉతకడం, ఇవన్నీ ఇందులో దశలు. క్షీణించిపోతున్న శ్రీకాళహస్తి కళను నిలబెట్టడానికి కమలాదేవి చటోపాధ్యాయ కృషితో 1957లో అక్కడ శిక్షణకేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ విద్యార్థులకు ఈ కళను నేర్పారు.

బజారులో కలంకారీ పేరుతో యంత్రంపై అచ్చయిన అనుకరణలు చవకగా దొరుకుతాయి. వాటిని కొనకూడదని కాదు. ఏది ఏదో తెలిసి కొనాలి. చేతి అచ్చులో ఒక ముద్రకూ పక్కముద్రకూ మధ్య కలయిక అక్కడక్కడ కొద్దిగా తప్పుతుంది. అది లోపం కాదు, చేతి ఆనవాలు. అసలైనది ఖరీదెక్కువ అనిపిస్తే, ఐదు మీటర్ల అనుకరణకు బదులు ఒక్క మీటరు అసలు గుడ్డ కొని గోడకు వేలాడదీయడం మేలు. తక్కినదంతా కోరా గుడ్డతో, ఇంట్లోని పాతచీరలతో సరిపెట్టుకోవచ్చు. సాదా గుడ్డ కోసం రాజమహేంద్రవరంలోని తాడితోట, ద్వారపూడి వస్త్ర మార్కెట్లు ఈ ప్రాంతంవారికి పరిచితాలే. కోనసీమలోనే బండారులంక, మోరి వంటి ఊళ్ళు చేనేతకు పేరుపొందాయి.

ఒక చీర, ఒక గది

కొలతలు తెలిస్తే ఖర్చు సగం తగ్గినట్లే. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న కిటికీని తీసుకొందాం. తెర నిండుగా, కుచ్చులుగా కనబడాలంటే గుడ్డ వెడల్పు కిటికీ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ రెండు ముక్కలు కలిస్తే 88 అంగుళాలు, అంటే 48 అంగుళాల కిటికీకి దాదాపు రెట్టింపు. పొడవు విషయానికి వస్తే, కిటికీ ఎత్తు 48 అంగుళాలు, కింద జారడానికి 4, పైన తీగ దూర్చే గొట్టపు మడతకు 3, కింది అంచు మడతకు 3, గుడ్డ కుదించుకుపోవడానికి 2, మొత్తం 60 అంగుళాలు. రెండు ముక్కలకు 10 అడుగులు, అనగా మూడుంపావు మీటర్లు కొంటే సరిపోతుంది. కొత్త నూలు గుడ్డను కోయకముందే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే తెర కురచవుతుంది.

కొనవలసిన అవసరమే లేకుండా ఇంట్లోని పాత నూలుచీరతో కూడా ఈ పని జరుగుతుంది. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. ముందుగా దానిని వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడాలి. పలచబడిన చోటును గుర్తించి విడిచిపెట్టాలి. నేత గట్టిగా ఉంటే 10 అడుగులు కిటికీ తెరలకు పోతాయి. 3 అడుగుల పల్లు గోడకు అలంకారమవుతుంది. మిగిలిన 5 అడుగుల ముక్కలో 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున నాలుగు ముక్కలు వస్తాయి. వాటితో రెండు తలగడ గలీబులు కుట్టుకోవచ్చు. బొత్తాలకు బదులు చీర అంచునే నాడాలుగా కట్టవచ్చు. ఇంకా మిగిలిన పేలికలు బొంతకు పనికివస్తాయి. మన పెద్దలు పాతచీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టడంలో ఏ ముక్కనూ వృథా పోనిచ్చేవారు కాదు.

గోడకు వేసే వస్త్రాన్ని మేకులతో బిగించరాదు. పై అంచును మడిచి కుట్టి, అందులో సన్నని వెదురుబద్దను దూర్చి, రెండు కొసలకు నూలుతాడు కట్టి కిటికీ పైకమ్మికో, గదిలో ఉన్న కొక్కేనికో తగిలించాలి. బద్ద వల్ల గుడ్డ పై అంచు ముడతలు లేకుండా నిలుస్తుంది. మధ్యభాగం నిలబడినవారి కంటి ఎత్తున ఉండాలి. గోడకూ గుడ్డకూ నడుమ బొటనవేలంత ఎడం ఉంటే చెమ్మ పట్టదు.

లేసు వెనుక చేతులు

తెర అంచుకో, బల్లమీది గుడ్డకో ఒక వరుస లేసు కుడితే సాదా వస్త్రానికి కొత్త కళ వస్తుంది. ఆ లేసుకు పుట్టినిల్లు వశిష్ఠ ఒడ్డునున్న నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. ఒక్క కొక్కెపు సూది, ఒక నూలుదారపు ఉండ, అంతే పనిముట్లు. పరిసర గ్రామాల్లో వేలాది స్త్రీలు ఇళ్ళలో కూర్చుండి అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మారియా మీస్ ఈ స్త్రీల జీవనాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. రోజంతా అల్లే ఆ స్త్రీలను లోకం శ్రామికులుగా గుర్తించక, తీరికవేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కించిందని, అందుకే వారికి దక్కిన కూలి అత్యల్పమని ఆమె వివరించారు. దీనినిబట్టి మనం ఒక విషయం ఆలోచించాలి. పొదుపు మంచిదే. కాని మన పొదుపు మరొకరి కూలిలో కోతగా మారకూడదు. గుడ్డను తక్కువగా కొనడం పొదుపు. చేసినవారికి తక్కువగా ఇవ్వడం పొదుపు కాదు. అర మీటరు లేసే కొందాం, దానికి తగిన వెల ఇద్దాం. 1905 నాటి స్వదేశీ ఉద్యమాన్ని స్మరిస్తూ 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ ఒక్కరోజు ఉపన్యాసాలకంటె, ఏడాదిలో ఒక్కసారి తెలిసి కొన్న ఒక్క గుడ్డ నేతగానికి ఎక్కువ మేలు చేస్తుంది.

సంరక్షణ

గోడవస్త్రాలను ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా, వానలు ఎడతెరిపి లేనప్పుడు, దించి భద్రపరచడం మంచిది. ప్రకృతిసిద్ధమైన రంగులున్న గుడ్డను కుంకుడురసంతో ఉతికి నీడన ఆరవేయాలి. బాగా ఆరిన తరువాతనే మడతపెట్టి, ఎండిన వేపాకు వేసి దాచాలి. నెలకొకసారి మడతలు మార్చాలి. లేకుంటే మడత వెంబడి నేత విరుగుతుంది. దీపానికి, పొయ్యికి దగ్గరగా ఏ తెరనూ వేలాడనీయరాదు.

ఇవన్నీ అమర్చిన తరువాత గుమ్మంలో నిలబడి గదిని ఒక్కసారి పరికించాలి. ఏ వస్త్రం తీసివేసినా లోటు తెలియకపోతే, ఆ వస్త్రాన్ని నిస్సంకోచంగా తీసి మడతపెట్టాలి. అమరకోశం చెప్పిన నాలుగో అర్థం అదే.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. 'అలం' శబ్దానికి ఉన్న నాలుగు అర్థాలు గృహాలంకరణకు ఎలా అన్వయిస్తాయో వివరించండి.
2. ఆంధ్ర తీరప్రాంతపు వస్త్రాలు ఐరోపా గృహాలను అలంకరించిన తీరును, దాని పర్యవసానాన్ని తెలపండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. అంగిరసానికి, గది అలంకరణకు ఉన్న పోలికను తెలపండి.
2. ఒక పాతచీరతో గదిని ఎలా తీర్చుకోవచ్చు?
3. పొదుపునకు, తక్కువ కూలి ఇవ్వడానికి ఉన్న భేదాన్ని నరసాపురం లేసు ఆధారంగా వివరించండి.

భాషాకార్యం

మీ ఇంట్లోని ఒక పాత వస్త్రాన్ని ఎంచుకొని, అది ఎక్కడ నేసినదో, ఎవరు వాడినదో పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాల్లో రాయండి.