హవాయి దీవుల నుండి మదనపల్లె దాకా – తొలి మిషన్ సంఘాలు

మన బైరెడ్డిపల్లె నుండి పలమనేరు మీదుగా మదనపల్లెకు వెళితే పాత చర్చీలు, మిషన్ ఆసుపత్రి కనిపిస్తాయి. వీటిని ఎవరు కట్టారు? మొదట ఆ సంఘాల్లో చేరినవారు ఎవరు? ఎందుకు చేరారు? ఏ మతం వారమైనా ఈ చరిత్ర మనకు తెలియాలి. ఎందుకంటే మన తాతముత్తాతలలో కొందరికి అక్షరం ఎలా అందిందో ఇందులో ఉంది.

ఒకే సంవత్సరం – రెండు ప్రయాణాలు

అమెరికాలో 1810లో 'అమెరికన్ బోర్డు' అనే మిషనరీ సంస్థ ఏర్పడింది. అది 1819వ సంవత్సరంలో రెండు దిక్కులకు మనుషులను పంపింది. ఒక బృందం పసిఫిక్ మహాసముద్రం మధ్యలోని హవాయి దీవులకు బయలుదేరి 1820లో అక్కడికి చేరింది. అదే సంవత్సరం డాక్టర్ జాన్ స్కడర్ సిలోనుకు, అంటే నేటి శ్రీలంకకు బయలుదేరారు. 1836లో ఆయన మద్రాసు వచ్చారు. ఆయన కుమారులు 1853లో ఆర్కాటు మిషన్ స్థాపించారు. మన ప్రాంతానికి వచ్చింది ఈ మిషనే.

హవాయిలో ఏం జరిగింది?

ఆ దీవుల్లో 'కపు' అనే కట్టుబాటు ఉండేది. దాని ప్రకారం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినరాదు. పంది మాంసం వంటివి వాళ్లు ముట్టరాదు. మిషనరీలు రాకముందే, 1819లోనే, యువరాజు లిహోలిహో రాజైన తర్వాత స్త్రీలతో కలిసి భోజనం చేసి ఆ కట్టుబాటును తెంచాడు. రాణి కాహుమను ఇందుకు వెన్నుదన్నుగా నిలిచింది.

అప్పటికి అక్కడి భాషకు లిపి లేదు. మిషనరీలు అక్షరాలు కూర్చి 1822లో అచ్చు పని మొదలుపెట్టారు. పెద్దలు, పిల్లలు అందరూ ఒకేసారి చదువు నేర్చుకోసాగారు. 1825లో కాహుమను బాప్తిస్మం తీసుకుంది. పెద్దలు నడిచిన దారిలో ప్రజలు నడిచారు. సంఘం త్వరగా పెరిగింది.

మదనపల్లెలో ఏం జరిగింది?

డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ 1835లో అమెరికాలో జన్మించారు. 1860లో భారతదేశానికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1863లో మదనపల్లెలో మిషన్ పని ప్రారంభించారు. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు.

ఆయన వైద్యుడు కూడా. రోగులు వస్తే ముందు బైబిలు చదివి ప్రార్థన చేసి, ఆ తర్వాత మందులిచ్చేవారు. పిల్లల కీర్తన ఒకటి తెలుగులోకి మార్చి బడిలో నేర్పితే, వారం తిరగకుండానే ఒక పిల్లవాడు దాన్ని వీధిలో పెద్దల మధ్య నిలబడి పాడుతుండగా విన్నానని ఆయన రాసుకున్నారు. తెలుగు బైబిలును సవరించిన సంఘానికి 1873 నుండి 1894 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. 1908లో మదనపల్లెలోనే మరణించారు.

ఇక్కడ ఏ రాజూ ముందు నడవలేదు. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల ఉంచబడిన మాలలు, మాదిగలు. ఒక్కొక్కరు కాక, కొన్ని కుటుంబాలు కలిసి ముందుకు వచ్చేవి. అలా వచ్చిన పల్లెకు మిషన్ ఒక ఉపదేశిని పంపేది. అతడే బడి పంతులు, అతడే ప్రార్థన నడిపేవాడు. ఈ ఉపదేశులు మనవాళ్లే. దొరల పేర్లు పుస్తకాలకెక్కాయి, వీరి పేర్లు చాలావరకు ఎక్కలేదు. కానీ పల్లెలో సంఘాన్ని నిలబెట్టింది వీరే. ఇలాంటివారికి తర్ఫీదు ఇవ్వడానికే 1888లో మన పొరుగున పలమనేరులో వేదాంత పాఠశాల తెరిచారు.

కూటి కోసమేనా?

1876–78 నాటి పెద్ద కరువులో రాయలసీమ అల్లాడిపోయింది. ఆ తర్వాత సంఘాల్లో చేరేవారు పెరిగారు. 'కూటి కోసం మతం మారారు' అనే ఎత్తిపొడుపు అప్పటిదే. ఆకలి ఒక కారణమే, కాదనలేము. అయితే కరువు పోయింది, వానలు పడ్డాయి. ఆ తర్వాత కూడా వారు పిల్లలను బడికి పంపడం మానలేదు. మొదట తెచ్చింది కూడు కావచ్చు. నిలబెట్టింది మాత్రం చదువు, 'నువ్వూ మనిషివే' అన్న మాట.

ఇక్కడే హవాయికీ మనకూ తేడా ఉంది. అక్కడ లిపి లేదు, వచ్చాక అది అందరిదీ అయింది. మనకు వందల ఏళ్లుగా లిపి ఉంది, కానీ కొందరి ముందు దాన్ని మూసి ఉంచారు. అక్కడ కట్టుబాటు ముందే తెగింది. ఇక్కడ తెగలేదు. కులం వదలాలని ఆర్కాటు మిషన్ మొదటినుండీ నియమం పెట్టినా, సంఘాల్లో మాల, మాదిగ తేడాలు పూర్తిగా పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి గ్రూపులో ఉన్నారు. కాగితం మీద పోయిన కులం ఊళ్లో పోయిందా అన్నది నేటికీ ప్రశ్నే.

తర్వాతి కాలం

మదనపల్లెలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1912లో క్షయ వైద్యశాల మొదలయ్యాయి. ఆ వైద్యశాల తర్వాత ఆరోగ్యవరానికి మారింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఇక్కడి సంఘాలు అందులో భాగమయ్యాయి.

విద్యార్థి మిత్రులారా! ఏ మతాన్ని నమ్మాలన్నది ఎవరి ఇష్టం వారిది. కానీ అక్షరం ముందు మూసిన తలుపు ఒకప్పుడు చర్చి బడిలో కొంత తెరుచుకుంది. నేడు ప్రభుత్వ బడి, ఈ సంక్షేమ హాస్టల్ దాన్ని ఇంకాస్త తెరిచాయి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ అవ్వనో తాతనో ఒక్క మాట అడగండి: 'మన ఇంట్లో మొదట చదువుకున్నది ఎవరు? ఎక్కడ చదివారు?' ఆ జవాబును మీ నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. పుస్తకాలకెక్కని పేర్లను ఎక్కించే పని మనదే.