పరాయి బడిలో నేర్చుకున్నవి

1984లో విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, అరకు సొరంగాలు దాటి దంతెవాడ వైపు వెళ్ళినప్పుడు నాకు 24 ఏళ్ళు. బస్తర్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ కంటే పెద్దది. ఒక సేవాసంస్థ నడిపే చిన్న బడిలో లెక్కల మాస్టారుగా చేరాను. పొరుగు రాష్ట్రమే కదా అనుకున్నాను. నా తప్పులన్నీ ఆ ధీమాతోనే మొదలయ్యాయి. అలాంటి చోటికి పాఠం చెప్పడానికి బయల్దేరుతున్న నీకోసం ఇది రాస్తున్నాను, నాయనా.

1. మాట్లాడని పిల్లవాడికి ఏమీ రాదనుకోకు.

నేను హిందీలో అడిగేవాణ్ణి, పిల్లలు నేలచూపులు చూసేవారు. వాళ్ళకి ఇంట్లో గోండి, సంతలో హల్బీ. హిందీ ఎదురయ్యేది బడి గుమ్మంలోనే. ఒకరోజు ఓర్పు నశించి రెండో తరగతి పిల్లవాణ్ణి బెత్తంతో కొట్టాను. వాడు ఏడవలేదు. మర్నాడు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. కొత్తచోట పడ్డానని రాత్రుళ్ళు దిగులుపడేవాణ్ణే కానీ, ఆ పసివాడు సొంత ఊళ్ళోనే రోజూ పరాయి దేశంలోకి నడిచి వస్తున్నాడని నాకు తట్టలేదు. ఆ దేశాన్ని నిలబెట్టింది నేనే.

2. పెట్టిన చెయ్యిని వెనక్కి పంపకు.

ఊరి పెద్ద ఇంట్లో ఆకుదొప్పలో చోడి జావ, పక్కన ఎర్రచీమల పచ్చడి పెట్టారు. కడుపు బాగాలేదని అబద్ధమాడి లేచాను. ఆ ఇల్లాలు దొప్ప తీసేసిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది. రెండేళ్ళ తర్వాత అదే జావ అడిగి తాగాను కానీ ఆమె చేతిది కాదు.

3. అడవికీ ఒక పంచాంగం ఉంది.

మార్చి వచ్చేసరికి బడి సగం ఖాళీ. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. పశువులు తినకముందే ఇంటిల్లిపాదీ ఏరాలి. అవి ఎండబెట్టి అమ్మితేనే ఉప్పు, బట్ట. తర్వాత తునికాకు. ఇవేవీ అడగకుండా హాజరుపట్టీలో పేర్లు కొట్టేశాను. చివరికి సంగతి తెలుసుకుని, ఆ నెలల్లో బడి మధ్యాహ్నానికి మార్చితే పిల్లలు వచ్చారు, చేతులకి ఇప్పపూల వాసనతో.

4. వినడం నేర్చుకునేదాకా నోరు విప్పకు.

అయిదో నెలలో ఆటస్థలంలో ఒక పిల్ల పడి మోకాలు చిట్లింది. చుట్టూ ఉన్నవాళ్ళు "నెత్తుర్! నెత్తుర్!" అని అరిచారు. నేను కట్టు కట్టడం మరిచి నిలబడిపోయాను. అది మా అమ్మ మాట! గోండి, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబానివని ఎక్కడో చదివే ఉన్నాను. ఆ చదువు నా చెవిదాకా రాలేదు. ఆ సాయంత్రం పిల్లల్ని లెక్కపెట్టమన్నాను. రండ్, మూండ్, నాలుంగ్ అన్నారు. నేను రెండు, మూడు, నాలుగు అన్నాను. నవ్వారు, నా బడిలో పిల్లలు నవ్వడం అదే మొదలు. అయిదు దగ్గర దారులు వేరయ్యాయి, సైయుంగ్ అన్నారు. పలకడం రాక నేను తడబడితే ఒక పిల్ల దగ్గరికొచ్చి నా నోటికేసి చూస్తూ నేర్పింది. అప్పట్నుంచి లెక్కలు గోండిలో మొదలుపెట్టి హిందీకి తీసుకెళ్ళేవాణ్ణి. అయిదు నెలలు ముందే విని ఉంటే ఆ రెండో తరగతి పిల్లవాడు బడిలో ఉండేవాడు.

5. మనవాళ్ళ మధ్యే దాక్కోకు.

ఆదివారాలు పట్నంలోని తెలుగు కుటుంబాల దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆవకాయ అన్నం తిని, ఊరివాళ్ళ మీద ఫిర్యాదులు చెప్పుకునేవాళ్ళం. ఆవకాయ మనసుకి బలమిచ్చింది, ఫిర్యాదులు దాన్ని తినేశాయి.

6. పేరు అడిగి రాయి.

ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది. నోరు తిరగని పేర్లని నాకు వీలైనట్టు మార్చి రిజిస్టరులో ఎక్కించాను. ఏళ్ళ తర్వాత గీదం సంతలో నడివయసు మనిషి ఒకతను "గురూజీ" అని ఆపాడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాకి దరఖాస్తు పెట్టుకుంటే, బడి కాగితంలో ఒక పేరు, ఊళ్ళో మరో పేరు ఉందని తిప్పుతున్నారట. ఆ కాగితంలో దస్తూరి నాది. కోపగించుకోలేదు. తన అసలు పేరు నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. నేను రెండుసార్లు తప్పుగా పలికాను. మూడోసారికి తల ఊపాడు.