గణితంలో పీహెచ్‌డీ: ముందు ప్రశ్న, తర్వాతే ఫ్లైట్

‘పీహెచ్‌డీ అంటే ఫారిన్‌లోనే చెయ్యాలి’ అన్న పట్టుదల గణితం చదివే పిల్లల ఇళ్లలోనూ పెరిగిపోతోంది. ఇక్కడ మంచి గైడ్ దగ్గర సీటొచ్చినా కొందరు తల్లిదండ్రులకు తృప్తి ఉండటం లేదు. ఈ ఒత్తిడి అన్యాయం. పరిశోధన ఇక్కడే మొదలుపెట్టి, మధ్యలో కొన్ని నెలలు విదేశంలో పనిచేసి రావడమే నేను ముందుగా సూచించే దారి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావునే చూడండి. ఆయనకు 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ తెచ్చిపెట్టిన పత్రం 1945లోనే కలకత్తాలో అచ్చయింది. కేంబ్రిడ్జి వెళ్లింది ఆ మరుసటి ఏడాది.

గణితానికి ల్యాబ్ అక్కర్లేదు. చాలా పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. విదేశం వెళ్లేది మనుషుల కోసం, వాళ్లతో బోర్డు ముందు నిలబడి వాదించడం కోసం. చేతిలో సొంత ప్రశ్న లేకుండా మొదటి ఏడాదే పరుగెత్తితే ఆ వాదన సాగదు. మూడో ఏడాది సరైన సమయం.

ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌తో అమెరికాలో 6 నుంచి 9 నెలలు, రామన్-చార్పాక్ ఫెలోషిప్‌తో ఫ్రాన్స్‌లో 2 నుంచి 6 నెలలు ఉండొచ్చు. భారతీయ సంస్థలో పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ప్రధాన అర్హత.

‘ఇన్విటేషన్ లెటర్ ఇప్పిస్తాం’ అంటూ డబ్బడిగే కన్సల్టెన్సీల గడప తొక్కకండి. ఆ లెటర్ మీరు పనిచేయాలనుకునే అక్కడి ప్రొఫెసర్ ఇచ్చేది, పైసా ఖర్చుండదు. ఆయన పేపర్లలో ఏది చదివారో, ఏ లెమ్మా దగ్గర ఆగిపోయారో నాలుగు వాక్యాల్లో మీరే రాయండి. మీ గైడ్‌తోనూ ఒక మాట రాయించండి. ఒకే మెయిల్‌ను వందమందికి పంపితే ఎవరూ పట్టించుకోరు.

ఫెలోషిప్ వచ్చినా మొదటి నెల ఇబ్బందే. స్టైపెండ్ చేతికందేలోపే ఇంటి అద్దె, అడ్వాన్సు కట్టాల్సి రావచ్చు. మొదటి చెల్లింపు ఎప్పుడో, ఇక్కడి ఫెలోషిప్ ఆ నెలల్లో కొనసాగుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. దీనికోసం పొలం తాకట్టు పెట్టే పరిస్థితి వస్తే ఆ ప్రయాణం వాయిదా వేసుకోండి.

అమ్మానాన్నలకు ఒక మాట. ‘వెళ్లి అక్కడే సెటిలైపో’ అని పిల్లల్ని తొందరపెట్టకండి. ఫుల్‌బ్రైట్ మీద జే-1 వీసాతో వెళ్లినవాళ్లు హెచ్-1బీ, గ్రీన్‌కార్డు పొందాలంటే ముందు స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న నిబంధన ఉంది. అలాగే, ‘ఇన్ని నెలలుండి ఏం సాధించావు?’ అని ఫోన్‌లో నిలదీయకండి. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి గణితవేత్తలు నరసింహన్, శేషాద్రి 1957లో పారిస్ వెళ్లి మూడేళ్లు నేర్చుకున్నారు. ఇద్దరి పేరూ నిలబెట్టిన సిద్ధాంతం వాళ్లు తిరిగొచ్చాక, 1965లో వెలువడింది. గణితం ఫలితానికి అంత గడువు తీసుకుంటుంది. మీ పిల్లలకూ ఆ గడువు ఇవ్వండి.