పాత కారు రోజూ నడపాలంటే: వీరపునాయునిపల్లె నుంచి కొన్ని ప్రశ్నలు

పాత బండి ఇంట్లో ఉన్నవాళ్లను నిబంధనల కంటే పుకార్లే ఎక్కువ భయపెడుతున్నాయి. పదిహేనేళ్లు దాటితే తుక్కుకే అని ఒకరంటారు. యాభై దాటితే ఏ కాగితమూ అక్కర్లేదని ఇంకొకరంటారు. రెండూ తప్పే. వీరపునాయునిపల్లె చుట్టుపక్కల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు, ఫియట్టో జీపో ఉంచుకుని దాన్ని నిజంగా తిప్పాలనుకునేవాళ్ల కోసం ఈ జవాబులు.

మాది 1972 ఫియట్. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించి రోజూ ప్రొద్దుటూరుకు పోయి రావచ్చా?

కుదరదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఎ నుంచి 81జి దాకా కొత్తగా చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, సొంత వాడకానికే ఉండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగని కార్లు, స్కూటర్లు, మోటారు సైకిళ్లు వింటేజ్ కిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ వస్తుంది. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు.

ఈ గౌరవానికి ఒక షరతు ఉంది. వింటేజ్‌గా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ తిరుగుడుకు, బాడుగకు వాడకూడదు. అంగడికి, బడికి, పెళ్లికి తీసుకుపోవాలనుకునేవాళ్లు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

నా మటుకు ఈ షరతు సరైంది కాదు. ఇటలీలో ముప్పై ఏళ్లు దాటిన కార్లకు వార్షిక పన్ను మినహాయించి, రోడ్డుపై తిప్పేవాళ్ల నుంచి చిన్న మొత్తం మాత్రం తీసుకుంటారు. పాత కారు నడిస్తేనే బతుకుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలబడితే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకులో తుప్పు పడుతుంది. నెలకు ఇన్ని కిలోమీటర్లని ఒక పరిమితి పెట్టి అయినా అనుమతిస్తే బాగుండేది.

మరి రోజూ నడపాలంటే ఏం చేయాలి?

మామూలు రిజిస్ట్రేషన్‌నే బతికించుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 41 ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత బండిని చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఇన్నిసార్లే అన్న హద్దు చట్టంలో లేదు. గడువు ముగియడానికి అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు.

ఖర్చు మాత్రం పెరిగింది. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు 10,000 రూపాయలు, పైన జీఎస్టీ. మన దగ్గరి ఫియట్లు బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసినవి కాబట్టి వాటికి ఈ లెక్కే. దిగుమతి కారైతే 80,000. గడువు దాటాక కారుకు నెలకు 500 చొప్పున అదనం పడుతుంది. ఇవికాక రాష్ట్రం గ్రీన్ టాక్స్ ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపి పట్టుబడితే మొదటిసారి 5,000 దాకా, మళ్లీ అయితే 10,000 దాకా జరిమానా.

కారు ఇంకా మా జేజినాయన పేరు మీదనే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ముందు ఈ పని చూసుకోండి. ఓనరు చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు గానీ కాగితాలు పెరుగుతాయి. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అంగీకారం తీసుకోండి. ఆర్‌సీ పోయిందంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఫారం 26 పెట్టాలి.

1989కి ముందటి మూడక్షరాల నంబర్లున్న బండ్ల వివరాలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఆఫీసు పాత రిజిస్టరు చూసి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేసేదాకా డిజిలాకర్‌లో మీ ఆర్‌సీ కనిపించదు. అందాకా కాగితం ఆర్‌సీ జాగ్రత్త. చాసిస్ నంబరు పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి పెట్టుకోండి. పెయింటు కింద అది కనబడక తిరిగి పోవాల్సి రావడం మామూలే.

పదిహేనేళ్లు దాటితే తుక్కు చేస్తారంట కదా?

సొంత బండికి వయసు ఒక్కటే కారణంగా అలా చేయరు. ఫిట్‌నెస్ పరీక్షలో తప్పి, మళ్లీ పరీక్షించినా నిలవకపోతేనే ఆ ప్రశ్న వస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే తీసేస్తున్నవి ప్రభుత్వ వాహనాలు. వయసును బట్టి ఆపే ఢిల్లీ నియమం కడప జిల్లాకు లేదు.

సీటు బెల్టు, పొల్యూషన్, ఇన్సూరెన్సు?

ముందు సీట్లకు బెల్టు బిగించే బాధ్యత తయారీదారుపై పడింది 1994లో. అంతకుముందటి కారులో లేకపోతే ఆ ఒక్క కారణంగా నేరం కాదు. కానీ ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీల నడుమ పోయే కారుకు గట్టి పాయింట్లు చూసి బిగించుకోమనే చెబుతాను.

పొల్యూషన్ పరీక్షలో మినహాయింపు లేదు, కొలత మాత్రం వేరు. ఆ కాలపు నాలుగు చక్రాల పెట్రోలు బండికి ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. కొత్త కారు లెక్కలో పెట్టి ‘ఫెయిల్’ అంటే ఆ పాత కొలత చూపించమని అడగండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఫియట్ 1,089 సీసీ కాబట్టి 1,000 నుంచి 1,500 సీసీ తరగతి. 2022 నిబంధనల ప్రకారం దానికి ఏడాదికి 3,416 రూపాయలు. వింటేజ్‌గా రిజిస్టరైన వాటికి సగమే.

పాత ఇంజిన్ తీసి డీజిల్‌ది పెట్టించొచ్చా?

ఫియట్లకు, అంబాసిడర్లకు ఒకప్పుడు ఇలా విరివిగా చేయించారు. సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండి మారకూడదు. ఇంజిన్ మార్పును ముందుగా ఆఫీసు ఒప్పుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. లేదంటే సెక్షన్ 182ఎ కింద ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా. పైగా రేపు వింటేజ్ కావాలన్నా ఆ బండికి రాదు.

ఇప్పటి పెట్రోలు పడుతుందా?

బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. పాత పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి తయారైనవి కావు. ఇథనాల్‌కు ఆగే రబ్బరు పెట్టించుకోండి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచకండి, ఇథనాల్ తేమను లాగుతుంది.

ఇటలీ నుంచి అసలైన మిడ్-ఇంజిన్ స్పోర్ట్స్ కారు తెప్పించుకుంటే?

డ్రైవరు వెనక, వెనక ఇరుసుకు ముందు ఇంజిన్ ఉండే కార్లివి. 1966లో వచ్చిన లంబోర్గినీ మియురా, 1969 నుంచి 74 దాకా వచ్చిన డినో 246, 1972 నాటి ఫియట్ ఎక్స్1/9 ఈ కోవవే. మామూలు సెకండ్ హ్యాండ్ కారు మూడేళ్లు దాటితే దేశంలోకి రానివ్వరు. వింటేజ్ కార్లకు 1950కి ముందువే అన్న నియమం ఉండేది. 2025లో దాన్ని సడలించి, యాభై ఏళ్లు దాటిన వాటికి దారి తెరిచారు. అయితే ఆ దారిలో వచ్చి వింటేజ్‌గా నమోదైన కారుకు మొదటి జవాబులోని షరతే వర్తిస్తుంది. ఇటలీ కారుకు స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది, సెక్షన్ 120 ప్రకారం నిర్దేశించిన సిగ్నల్ పరికరం పనిచేస్తుంటేనే దాన్ని మన రోడ్డెక్కించాలి. రోజూ నడపాలనే కోరిక ఉంటే, ఎప్పుడో వచ్చి ఇక్కడ మామూలుగా రిజిస్టరై, రెన్యువల్ బతికే ఉన్న కారు వెతకండి. వేరే రాష్ట్రం నుంచి కొంటే ఫారం 28 ఎన్‌ఓసీ లేకుండా డబ్బు ఇవ్వకండి.

ఆఫీసులో ‘ఇంత పాత బండికి కుదరదు’ అని పంపించేశారు.

నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని సెక్షన్ 45 చెబుతోంది. ఆ ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లో సెక్షన్ 57 కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.