కాకి కథ, గ్లాసు నీళ్లు, గుప్పెడు గులకరాళ్లు

దాహంతో అలమటించే కాకి, అడుగున కాసిని నీళ్లున్న కుండ, ఒక్కొక్కటిగా వేసిన గులకరాళ్లు. ఈ కథ వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో అరుదు. ఈసారి కథ అయ్యాక మీ పాపకో బాబుకో ఒక గాజు గ్లాసు ఇవ్వండి. అందులో పావు వంతు నీళ్లు పోసి, గులకరాళ్లు వేసి చూడమనండి. రాళ్లు అంచు దాకా నిండిపోతాయి, నీళ్లు మాత్రం పైకి రావు. రాళ్ల మధ్య సందుల్లోనే ఇమిడిపోతాయి. సగం గ్లాసు నీళ్లతో మళ్లీ మొదలుపెడితే పైదాకా వస్తాయి. మరి ఆ కథలో కుండలో నీళ్లు ఎంత ఉన్నట్టు? రాళ్లకు బదులు గోళీలు వేస్తే? ఇసుక పోస్తే? ఈ ప్రశ్నలు మీరు అడగనక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.

ఆ తరువాత ఇంకో సంగతి చెప్పండి. 2009లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూక్ అనే కాకి జాతి పక్షులతో ఈ కథనే పరీక్షించారు. నిలువు గొట్టంలో నీళ్లు పోసి, పైన ఒక పురుగును తేలనిచ్చి, పక్కన రాళ్లు పెట్టారు. పక్షులు రాళ్లు వేసి నీటిమట్టం పెంచుకుని పురుగును అందుకున్నాయి. చిన్న రాళ్లకన్నా పెద్ద రాళ్లనే ఏరుకున్నాయి కూడా.

కథ, ఆ వెంటనే చేతిపని, ఆపైన శాస్త్రం. మంచి పిల్లల పత్రిక ఈ మూడింటినీ ఒకే అట్ట మధ్య పెడుతుంది. మనకు ఇలాంటివి కొత్తేమీ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ ప్రధానంగా కథల పత్రికే. అయినా దాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారు భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి, సైన్సు వ్యాసాలూ రాశారు. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్తగా పనిచేస్తూ తెలుగులో ఎంతో పాపులర్ సైన్సు రాశారు. ఆ ఇంట్లో కథకూ సైన్సుకూ మధ్య గోడ లేదు. చందమామ ఆగిపోయి చాలా ఏళ్లయింది. జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి సైన్సునే ముందు పెట్టుకుని తెలుగు పిల్లల కోసం వచ్చిన మాసపత్రిక. హిందీ చదవగల పిల్లలుంటే భోపాల్ నుంచి ఏకలవ్య సంస్థ 1985లో మొదలుపెట్టిన చక్‌మక్ ఉంది. అందులో కథలు, కవితలు, ప్రయోగాలు, పొడుపులతో పాటు పిల్లలు స్వయంగా రాసి, గీసి పంపినవాటికి ప్రత్యేకంగా పేజీలుంటాయి.

చందా కట్టడంతో తల్లిదండ్రుల బాధ్యత సగం కూడా తీరదు. పత్రిక వస్తుంది, పిల్లలు కథలు చదివేస్తారు, బొమ్మలు చూస్తారు. 'చేసి చూడండి' అన్న పేజీ మాత్రం తిప్పేస్తారు. ఎందుకంటే ఆ పేజీకి కొవ్వొత్తి కావాలి, కత్తెర కావాలి, టేబుల్ మీద నీళ్లు ఒలికినా కోప్పడని ఒక పెద్దమనిషి కావాలి. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఆ పెద్దమనిషి గురించే. ఆ పేజీకి కావలసిన సామాను తెచ్చిపెట్టండి, పక్కన కూర్చోండి. జవాబు తెలిసినా ముందే చెప్పకండి.

ఇది వినడానికి తేలికగా ఉంటుంది గానీ మనలాంటి చదువుకున్న అమ్మానాన్నలకు చాలా కష్టం. ఒక ఉదాహరణ తీసుకుందాం. పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి, పళ్లెంలో కాస్త నీళ్లు పోసి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎగబాకుతాయి. ఇది ఎన్నో పుస్తకాల్లో ఉంది. మనలో చాలామంది బడిలో నేర్చుకున్న కారణం కూడా నోటి చివరే ఉంటుంది: గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అది కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. పిల్లలు అగ్గిపుల్ల గీయకముందే ఈ మాట అనేస్తాం. అక్కడితో ప్రయోగం అయిపోయినట్టే. వాళ్లు చూసేది కూడా మనం చెప్పిన దానికోసమే చూస్తారు.

ఆ జవాబు సరైంది కాదు. నోరు మెదపకుండా పక్కన కూర్చుంటే పిల్లలే అది పట్టుకోగలరు. నీళ్లలో చిటికెడు పసుపు కలపండి, మట్టం స్పష్టంగా కనబడుతుంది. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. ఆరిపోయాకే గబగబా ఎక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చు కావడమే కారణమైతే మంట ఉన్నప్పుడే మెల్లగా ఎక్కుతూ ఉండాలి కదా! ఇంకా జాగ్రత్తగా చూస్తే, గ్లాసు బోర్లించిన మొదట్లో అంచు కింద నుంచి ఒకటి రెండు బుడగలు బయటికి పోవడం కనబడుతుంది. వేడికి గాలి ఉబ్బి కొంత బయటికి పోయింది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంది, ఆ మేరకు బయటి గాలి ఒత్తిడి నీటిని లోపలికి నెట్టింది. ఆక్సిజన్ కాలినా దాని బదులు బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి పుడతాయి. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. నమ్మకం కుదరకపోతే రెండు మూడు కొవ్వొత్తులు పెట్టి అదే గ్లాసు బోర్లించమనండి. నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజనూ అంతే. పెరిగింది వేడి ఒక్కటే.

పదేళ్ల పిల్లవాడు ఇది కళ్లతో చూశాక, అచ్చులో ఉన్నంత మాత్రాన మాట నిజమైపోదని తెలుసుకుంటాడు. ఆ తెలివి పుస్తకం ఇవ్వలేదు, మనం ఇవ్వలేం. రెండో కొవ్వొత్తి వెలిగించే ఓపిక మాత్రం మనం ఇవ్వగలం. పిల్లలు తప్పు కారణం చెప్పినప్పుడు కూడా "కాదు" అనకుండా "అలాగైతే ఇంకోసారి ఏం చేసి చూద్దాం?" అనండి చాలు.

సామాను గురించి బెంగ వద్దు. మన వంటిల్లు సగం ప్రయోగశాల. పెళ్లిలో పారాణి ఎందుకు ఎర్రగా ఉంటుందో పిల్లల్ని అడగండి. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది, హారతికి కలిపే ఎర్రనీళ్లూ అవే. తెల్లకాగితం మీద పసుపు ముద్ద పూసి ఆరబెట్టి, సబ్బునీళ్లలో ముంచిన అగరుబత్తి పుల్లతో పేరు రాయమనండి, అక్షరాలు ఎర్రగా తేలతాయి. వాటి మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. చొక్కా మీద పప్పుచారు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి, జాడించగానే పసుపు రంగుకు ఎందుకు వస్తుందో అమ్మమ్మకి ఎన్నాళ్లుగానో తెలిసిన వింత. మనవరాలు దానికి కారణం వెతికి అమ్మమ్మకే చెబుతుంది. ఇంట్లో సబ్బు, చింతపండు పులుసు, వంటసోడా, మజ్జిగ, పాలు ఒక్కొక్కటి ఆ కాగితం మీద వేసి ఏది ఏ రంగు ఇచ్చిందో పట్టిక రాయమనండి. ఒక ఆదివారం ఇట్టే గడిచిపోతుంది.

ఇలా ఇంట్లో దొరికే వస్తువులతో సైన్సు చెప్పిన అరవింద్ గుప్తా గారి గురించి కూడా పిల్లలకు తెలియాలి. కాన్పూర్ ఐఐటీలో చదివి, పుణెలో ట్రక్కుల కంపెనీలో పనిచేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ పల్లె బడుల్లో సైన్సు బోధన చూడటానికి వెళ్లారు. అక్కడ అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆయన కట్టిన ఆకారాలు తరువాత పుస్తకాలై ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కితే ఆకారం మారదు. నాలుగింటితో చతురస్రం కడితే ఒక పక్కకి వాలిపోతుంది. ఎదురెదురు మూలలను కలుపుతూ ఐదో పుల్ల పెడితే నిలబడుతుంది. ఆ తరువాత కిటికీలోంచి సెల్‌ఫోను టవరు చూడమనండి. (పుల్లల మందు తలలు ముందే గీకేయండి. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. ఇవి మరిచిపోకూడనివి.)

తెలుగు పత్రిక కావాలని నేను గట్టిగా అనడానికి భాష మీది ప్రేమ ఒక్కటే కారణం కాదు. మన ఊరు, మన ఆకాశం అందులోనే ఉండగలవు. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిట్టనిలువుగా పెట్టిన సీసాకు ఒక్క క్షణం నీడ ఉండదు. ఢిల్లీ పిల్లలు తమ ఊళ్లో దీన్ని ఎన్నటికీ చూడలేరు, ఢిల్లీ కర్కటరేఖకు ఉత్తరాన ఉంది. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారంలోనే జరుగుతుంది. విశాఖలో హైదరాబాద్ కంటే దాదాపు ఒక రోజు వెనక. మే అంటే వేసవి సెలవులు, పిల్లలంతా ఇంట్లోనే ఉంటారు. హైదరాబాద్‌లో మీ పాప, విశాఖలో పిన్ని కొడుకు ఫోనులో మాట్లాడుకుంటూ నీడ కొలవవచ్చు. హైదరాబాద్‌లో నీడ మాయమయ్యేది పన్నెండు దాటిన పన్నెండు నిమిషాలకు, విశాఖలో పన్నెండు కాకముందే. ఎందుకిలా అని వాళ్లు అట్లాసు తీస్తే, మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచి పోతున్నట్టు కనబడుతుంది. ఎండలో పని కాబట్టి టోపీ, మంచినీళ్లు ఉండాలి. నీడనే చూడాలి, సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా వెళ్లింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. అదే సమయానికి ఎంతోమంది తలుపులు మూసుకుని ఇళ్లలో ఉండిపోయారు. ఆ రోజు లోపల కూర్చున్న పిల్లల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చెట్టు నీడలో నేలమీద పడే గుండ్రని వెలుగు మచ్చలన్నీ సూర్యుడి బొమ్మలేననీ, గ్రహణం పడుతున్నకొద్దీ అవి నెలవంకలుగా మారతాయనీ ఎవరైనా చెప్పి ఉంటే, సూర్యుడి వైపు చూడకుండానే వాళ్లు గ్రహణాన్ని చూసేవారు.

విదేశాల్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే మీరు చదవండి, వాళ్లు చేస్తారు. చేతులు పనిలో ఉన్నప్పుడు మాటలు తేలికగా వస్తాయి. 'ఒలకబోయకు', 'అడ్డంగా పెట్టు', 'మెల్లగా ఊదు' లాంటి మాటలు పాఠం పెట్టి నేర్పనక్కర్లేదు.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉండమని కోరుతున్నాను. పత్రికను హోంవర్కు చేయకండి. ఏ పేజీ చదివావు, ఏం నేర్చుకున్నావు అని పరీక్ష పెట్టకండి. టాలెంట్ టెస్టులు మంచివే, ఆసక్తి ఉన్న పిల్లల్ని పంపండి, అయితే పత్రిక కొన్నది ఆ మార్కుల కోసమని వాళ్లకు అనిపించనివ్వకండి. రెండోది, ఫోనులో అదే ప్రయోగం వీడియో ముందు చూపించకండి. అర నిమిషంలో జవాబు తెలిసిపోతే పళ్లెం తడపాలన్న కోరిక ఎవరికి మిగులుతుంది? పిల్లలు తాము చేశాక వీడియో చూసి పోల్చుకుంటే మంచిదే.

పత్రికలో రాసినట్టు జరగని రోజులు వస్తాయి. కొవ్వొత్తి కిందే ఊడిపోతుంది, అక్షరాలు ఎర్రబడవు, నీడ ఎటో పక్కకు మిగిలిపోతుంది. అప్పుడు పాడైందని తీసి పక్కన పెట్టేయకుండా ఏం చేశారో, ఏం జరిగిందో పిల్లల చేతే వాళ్ల మాటల్లో రాయించి సంపాదకులకు పంపించండి. అక్షరదోషాలు దిద్దకండి. పిల్లల పత్రిక నడిపేవాళ్లకు పొగడ్తల ఉత్తరాలకన్నా "మీరు చెప్పినట్టు చేశాం, మాకు రాలేదు, ఎందుకు?" అని అడిగే ఉత్తరమే ఎక్కువ పనికొస్తుంది. చిరునామా పత్రికలోనే ఉంటుంది, కవరు మీద దాన్ని కూడా పిల్లల చేతే రాయించండి.