పి.వి.సి. పైపు ధర ఎక్కడ నిర్ణయమగుచున్నది?

బోరు వేయించిన రైతు మోటారు తరువాత ఎక్కువ సొమ్ము పెట్టునది పైపులపైననే. ఒక సంవత్సరము కొన్న ధరకు మరుసటి సంవత్సరము అదే పైపు దొరకదు. ఒక్కొక్కప్పుడు నెల తిరుగకముందే ధర మారుచుండును. దీనికి దుకాణదారుని నిందించుట పరిపాటి. అతని లాభము అతనికి లేకపోలేదు గాని, ధరలో వచ్చు పెద్ద మార్పులు అతని చేతిలోనివి కావు. అవి ఓడరేవులలో దిగు ముడిసరుకు ధరను బట్టి వచ్చుచున్నవి. ఆ ముడిసరుకు సంగతి కొంత తెలిసికొన్న రైతు ఎప్పుడు కొనవలెనో, ఏమి చూచి కొనవలెనో తానే నిర్ణయించుకొనగలడు.

పి.వి.సి. పైపులు మైదాపిండి వలె తెల్లగా నుండు ఒక పొడితో తయారగును. దీనినే రెజిన్ అందురు. దీని బరువులో నూటికి 57 పాళ్లు ఉప్పు నుండి వచ్చు క్లోరిన్. మిగిలినది సాధారణముగా ముడిచమురు లేక సహజవాయువు నుండి తీసిన ఎథిలీన్. చైనాలో మాత్రము ఎక్కువ భాగము బొగ్గును, సున్నమును విద్యుత్ కొలుములలో కరగించి చేసిన కార్బైడు నుండి తయారు చేయుచున్నారు. మామిడికాయలు మాగవేయుటకు కొందరు నిషేధమును లెక్కచేయక వాడు కార్బైడు ఇదియే. కనుక చైనాలో బొగ్గు ధర పెరిగినను, కరెంటు కొరత వచ్చినను ఆ సెగ మన పొలములోని పైపు వరకు తగులును.

మన దేశములో రెజిన్ ఫ్యాక్టరీలు లేకపోలేదు. గుజరాత్‌లో హజీరా, దహేజ్, మహారాష్ట్రలో రత్నగిరి, తమిళనాడులో కడలూరు, రాజస్థాన్‌లో కోటా ఇందుకు ప్రసిద్ధి. కాని వీనియన్నిటి ఉత్పత్తి సాలునకు 15 లక్షల టన్నులకు అటు ఇటుగా నున్నది. వాడకమో, 40 లక్షల టన్నుల సమీపమునకు పెరిగినది. 2009లో కడలూరు ఫ్యాక్టరీ పని ప్రారంభించిన తరువాత 2024 వరకు చెప్పుకోదగిన కొత్త ఫ్యాక్టరీ ఏదియు రాలేదు. ఈలోగా బోర్లు పెరిగినవి, డ్రిప్ పెరిగినది, ఇళ్ల నిర్మాణము పెరిగినది. దేశములో వాడు రెజిన్‌లో మూడింట రెండు వంతులకు పైగా పైపులకే పోవుచున్నది. ఈ లోటును పూడ్చుటకు వాడకములో సగమునకు మించి చైనా, తైవాన్, జపాన్, దక్షిణ కొరియా, అమెరికా మొదలగు దేశముల నుండి ఓడలలో తెచ్చుకొనుచున్నాము. ఇక్కడ తయారగు రెజిన్‌కు సైతము కొన్ని ఫ్యాక్టరీలు మధ్యస్థ పదార్థమును విదేశముల నుండియే తెప్పించుచున్నవి.

సగము సరుకు విదేశముది అయినప్పుడు మిగిలిన సగము ధర కూడ విదేశపు ధరనే అనుసరించును. మలేషియాలో పామాయిలు ధర లేచిన మన వేరుశనగ నూనె ధర కదలుట రైతులకు తెలిసిన విషయమే. ఇదియు అట్టిదే. తైవాన్‌లోని ఫార్మోసా కంపెనీ ప్రతి నెల భారతదేశమునకు తన ధరను ప్రకటించును. మన వర్తకులు, ఫ్యాక్టరీలు దానిని కొలబద్దగా తీసికొని తమ ధరలను సవరించుకొందురు. కాబట్టి పైపు ధరను శాసించునవి నాలుగు: టన్నునకు డాలర్లలో ధర, ఓడ కిరాయి, డాలరునకు రూపాయి మారకపు విలువ, మన ప్రభుత్వము వేయు దిగుమతి సుంకము.

ఇటీవలి సంవత్సరములను చూచిన ఇది తేటపడును. 2020 వేసవిలో కోవిడ్ వలన పనులు నిలిచి, టన్ను ధర 700 డాలర్ల సమీపమునకు దిగినది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో ఎన్నడు లేని మంచు తుఫాను వచ్చి అక్కడి ఫ్యాక్టరీలు మూతపడినవి. ఆగస్టు చివర లూసియానా తీరమును ఐడా తుఫాను కొట్టినది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చైనాలో బొగ్గు, కరెంటు కొరత ఏర్పడినది. కంటైనర్ల కిరాయి అంతకు ముందే ఆకాశమునంటినది. అన్నియు కలిసివచ్చి ఆ శరదృతువులో ధర 1,500 డాలర్లు దాటినది. మరుసటి సంవత్సరము పరిస్థితి తలక్రిందులయినది. చైనాలో ఇళ్ల నిర్మాణము కుంటుపడి, అక్కడ మిగిలిన సరుకు మన రేవులకు వచ్చిపడినది. 2022 చివరకు ధర 1,000 డాలర్లకు చాల దిగువకు పడిపోయినది. 2025లో 700 డాలర్లకు అటు ఇటుగా నడచినది.

దీనిని రైతు లెక్కలోనికి మార్చి చూతము. 2021 చివర డాలరు సుమారు 75 రూపాయలు. టన్ను 1,500 డాలర్లనిన కిలో 112 రూపాయల 50 పైసలు. దానిపై 10 శాతము సుంకము, ఆ సుంకముపై పదవ వంతు సర్‌చార్జి కలిపిన కిలో సుమారు 125 రూపాయలు పడినది. 2025 మధ్యలో డాలరు సుమారు 86 రూపాయలు. టన్ను 700 డాలర్ల లెక్కన, 7.5 శాతము సుంకము, సర్‌చార్జి కలిపి కిలో 65 రూపాయలు. తేడా కిలోకు 60 రూపాయలు. ఒక 110 మి.మీ. పైపులో హీనపక్షము 6 కిలోల రెజిన్ ఉన్నదనుకొనిన, పైపు ఒక్కంటికి 360 రూపాయలు. 300 మీటర్ల దూరము నీరు పారించుటకు 6 మీటర్ల పైపులు 50 కావలెను. అనగా 18,000 రూపాయల తేడా. దీనిపై జి.ఎస్.టి. వేరు. చిన్న కమతము గల రైతుకు ఇది ఎరువుల ఖర్చుతో సమానమైన మాట.

సుంకము విషయములో రైతు గమనింపవలసినది కలదు. 2019లో ప్రభుత్వము దీనిని 7.5 నుండి 10 శాతమునకు పెంచినది. 2022 మే నెలలో మరల 7.5కు తగ్గించినది. సుంకము పెంచిన రెజిన్ ఫ్యాక్టరీలకు మేలు, పైపులు చేయువారికిని రైతుకును భారము. ఇక్కడ ఫ్యాక్టరీలు పెరుగవలెననిన కొంత రక్షణ అవసరమే కావచ్చును. కాని ఆ రక్షణ ఖర్చు ఎవరి పొలము మీద పడుచున్నదో కూడ చెప్పుకొనవలెను. చవుక సరుకు కుమ్మరింపును అరికట్టుటకు అదనపు సుంకము వేయవలెనని 2024లో కేంద్ర వాణిజ్య శాఖ విచారణాధికారులు సిఫారసు చేసిరి. సిఫారసు చేసినంత మాత్రమున సుంకము పడదు, ఆర్థిక శాఖ ఆమోదించవలెను. కాని ఇట్టి వార్త వచ్చిన వెంటనే వర్తకులు సరుకు నిల్వ చేయుటయు, ధర బిగియుటయు కలదు. ‘సుంకము రాబోవుచున్నది, నేడే కొనుము’ అనిన మాట విని తొందరపడరాదు.

కొనుటకు అనువైన కాలము మాటకు వత్తము. బోర్లు, పైపుల గిరాకి జనవరి నుండి మే వరకు హెచ్చు. వానలు పడగానే గిరాకి తగ్గి, వర్తకులు నిల్వలు వదిలించుకొన చూతురు. సంక్రాంతి తరువాత పైపులు పరచదలచినవారు ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే ధరలు విచారించుట మంచిది. 2021లో ఈ లెక్క పూర్తిగా తప్పినదన్న సంగతి మరువరాదు. ఆ ఏడు వానకాలములోనే ధర పైకి పోయినది. కనుక రెండు మూడు నెలల ధరలు వ్రాసి ఉంచుకొని, అవి ఎటు నడచుచున్నవో చూచి బేరమాడవలెను.

రెజిన్ ధర పెరిగినప్పుడెల్ల నాసి పైపు బయలుదేరును. అది ధర కంటె పెద్ద నష్టము. రెజిన్ తగ్గించి చవుకైన సున్నపురాయి పొడి ఎక్కువ కలిపిన పైపు పెళుసుగా నుండి, మోటారు వేసిన అదటుకే పగులును. తూకము చూచి మోసము కనిపెట్టుదమనిన వీలుపడదు. సున్నపురాయి పొడి రెజిన్ కంటె బరువైనది, అట్టి పైపు చేతికి బరువుగానే తగులును. మంచి పైపును కత్తితో చెక్కిన చుట్టలు చుట్టుకొను పీలికలు వచ్చును. పొడి కలిపినది రాలిపోవును. ఇంకను నమ్మకమైన పరీక్ష ఒకటి కలదు. పైపు ముక్కలు 140 గ్రాములు తూచి, మి.లీ. గీతలు గల పాత్రలోని నీటిలో బుడగలు లేకుండ పూర్తిగా ముంచవలెను. ఐ.ఎస్. 4985 ప్రమాణము ప్రకారము సాంద్రత 1.40 నుండి 1.46 వరకు ఉండవలెను గనుక, నీటి మట్టము 96 నుండి 100 మి.లీ. వరకు పెరుగవలెను. 90 కంటె తక్కువ పెరిగినచో ఆ పైపులో పొడి మితిమీరినదనియే అర్థము. పైపుపై ఐ.ఎస్.ఐ. ముద్ర, ప్రమాణపు సంఖ్య, ఒత్తిడి తరగతి స్పష్టముగా ముద్రింపబడి ఉండవలెను. రెండు దుకాణముల ధరలు పోల్చునప్పుడు ఒకే తరగతి పైపును పోల్చవలెను. 4 కిలోల ఒత్తిడి పైపును 6 కిలోల పైపుతో పోల్చి చవుక అనుకొనుట సరికాదు.

డ్రిప్ పెట్టు రైతులకు ఒక మాట. తోటలో పరచు సన్నని నల్ల గొట్టములు పి.వి.సి. కాదు, పాలిథిన్. దాని ధర దారి వేరు. డ్రిప్ పరికరములపై జి.ఎస్.టి. 22-9-2025 నుండి 5 శాతమునకు తగ్గినది. విడిగా కొను పి.వి.సి. పైపులపై 18 శాతము. కనుక బిల్లులో ఏ సరుకు ఏ పద్దు క్రింద చూపిరో చదివి చూచుకొనవలెను.

ముందుగా కొన్న పైపులను ఎండలో పడవేయరాదు. ఎండకు అవి రంగు మారి పెళుసు బారును. చదునైన నేలపై, పొడవునా ఆనునట్లు పేర్చి, పందిరి క్రిందనో, వరిగడ్డి కప్పియో ఉంచవలెను. ఎత్తుగా పేర్చిన అడుగు పైపులు గుండ్రము తప్పి, తరువాత అతుకులు కుదరవు.